ఉప్పు తగలని బండి

హాంకాక్
నవంబరు 12

లెంపి పెద్దమ్మా,

నువ్వు ఫోన్ పెట్టేశావు. మళ్ళీ చేస్తే మళ్ళీ పెట్టేశావు. మూడోసారి మోగనే లేదు. మంచు తోసే బండిలో ఇటువైపు వచ్చిన మీ పక్కింటి రేనో, కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతూ చెప్పాడు: "మీ పెద్దమ్మ ఫోన్ తీగ పీకి సొరుగులో పడుకోబెట్టిందమ్మాయ్. నువ్వు అరవడం మానేదాకా లేపదట!" సరే, ఉత్తరంలో అరుస్తాను. కాగితానికి పెట్టేయడం రాదు.

విషయం ఇది. నిన్న పొద్దున్న నా కారు క్విన్సీ కొండ సగం ఎక్కి, కాసేపు ఆలోచించుకుని, వెనక్కి వచ్చేసింది. నేను లోపల ఉండగానే, గేరు ముందుకే ఉండగానే! ముందుకు చూస్తూ వెనక్కి ప్రయాణం చేశాను పెద్దమ్మా. ఒక స్కూలు బస్సు నన్ను దాటుకుని పైకి పోయింది. పిల్లలంతా చేతులూపారు. నేనూ ఊపాను. స్టీరింగు మీద ఉంచి మాత్రం ఏం లాభం?

కొండ మీద ఒక ముసలాయన ఇంట్లో, ఇల్లంతా వెచ్చబరిచే గ్యాసు హీటర్ ఆగిపోయింది. వెళ్ళి బాగుచేయాల్సింది నేను. వెళ్ళలేకపోయాను. ఇలా కావడం రెండోసారి. మా దుకాణం యజమాని ఓర్విల్‌కి మాట తక్కువ, ముక్కు చీదడం ఎక్కువ. గట్టిగా ఒకసారి చీది, "కైసా, మూడోది పొరపాటు అనుకుంటాను. నాలుగోది జరిగితే నీ పనిముట్ల పెట్టె తీసుకుని ఇంటికి పో. మా బావమరిదికి మంచి ట్రక్కుంది" అన్నాడు. ట్రక్కుంది, ఒప్పుకుంటాను. ఆ మనిషికి గొట్టానికీ గొంతుకీ తేడా తెలీదు! నేను జనం పారేసిన హీటర్లు తెచ్చి, విప్పి, బిగించి, కనుబొమలు రెండుసార్లు కాల్చుకుని నేర్చుకున్న పని ఇది. ఎవడూ చెయ్యి పట్టుకుని నేర్పలేదు. పని రాక పోతే ఏడవను. కొండ ఎక్కలేక పోతే మాత్రం ఊరు దద్దరిల్లేలా ఏడుస్తాను.

అసలు మాటకొస్తాను. నీ గరాజ్‌లో ఒక బుల్లి ఎస్‌యూవీ ఉంది. దానికి నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది. నాలుగేళ్ళ కింద ఏమని కొన్నావు? "చలికాలానికి" అని. మరి ప్రతి చలికాలం అది ఏం చేస్తోంది? నువ్వు కుట్టిన బొంత కప్పుకుని నిద్రపోతోంది. నువ్వేమో కాళ్ళ కింద రోడ్డు కనిపించే ఆ తుప్పు ట్రక్కులో తిరుగుతున్నావు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

ఏప్రిల్ దాకా ఇవ్వు. అంతకుమించి నాకేం వద్దు.

పళ్ళు నూరుకుంటూ,
కైసా

టోయివోలా
నవంబరు 20

ఒసే కైసా,

నీ ఉత్తరం అందింది. నాలుగు చోట్ల కాగితం చిరిగింది. కలాన్ని సుత్తిలా పట్టుకోకూడదే.

బండి ఇవ్వను. కారణం ఒక్కటే, ఉప్పు. మంచు కరగాలని రోడ్ల మీద వీళ్ళు చల్లే ఉప్పుతో ఊరు ఊరంతా ఊరగాయ పెట్టుకోవచ్చు. మీ పెదనాన్న ఆర్వో కారు ఏమైందో నీకు తెలీదు, నువ్వు అప్పటికి పాకుతున్నావు. ఆదివారం చర్చి ముందు ఆపి తలుపు తీస్తే, ఆ తలుపు ఊడి చేతికొచ్చింది. ఉప్పు తినేసింది! మనిషి తలుపుని గొడుగులా పట్టుకుని నిలబడ్డాడు. పాస్టరుగారు వచ్చి, "ఆర్వో, లోపలికి రా, దాన్ని కూడా తెచ్చుకోవచ్చు" అన్నాడు. ఆరోజు నుంచీ ఒట్టేసుకున్నాను. నా బండికి ఉప్పు తగలనివ్వను.

చలికాలానికే కొన్నాను. అబద్ధం కాదు. చలికాలానికి కొన్నదాన్ని చలికాలంలో పాడుచేసుకుంటే ఇంక చలికాలానికి ఏం మిగులుతుంది? ఆలోచించు.

ముప్పైయొక్క ఏళ్ళు స్కూలు బస్సు తోలాను. దాన్ని తోసేవి వెనక చక్రాలు మాత్రమే. నలభైనాలుగు మంది పిల్లలు, వాళ్ళ బూట్లు, వాళ్ళ వాసనలు. ఒక్కరోజు ఆలస్యం కాలేదు. అందరికీ నాలుగు చక్రాలు కావాలిట! బుర్ర ఒకటుంటే చాలు. నీ కారు వెనక డిక్కీలో ఇసుక బస్తాలు రెండు వేసుకో. నా ట్రక్కులో ఎప్పుడూ నాలుగుంటాయి. బరువుంటే చక్రం నేలని పట్టుకుంటుంది. ఇది పుస్తకంలో ఉండదు.

యాలకులేసి కాల్చిన నిసు రొట్టె ఒకటి పంపుతున్నాను. రేనో దారిలో సగం తినకపోతే మొత్తం అందుతుంది.

మీ పెద్దమ్మ

హాంకాక్
డిసెంబరు 2

ఇసుక బస్తాల పెద్దమ్మకి,

రొట్టె సగమే అందింది.

నీ మాట మీద గౌరవంతో రెండు బస్తాలు వేశాను. ఏమైందో విను. నీ ట్రక్కుని వెనక చక్రాలు తోస్తాయి. వెనక బరువు పడితే వాటికి పట్టు దొరుకుతుంది. నా కారుని ముందు చక్రాలు లాగుతాయి! వెనక బరువు వేస్తే ముందు భాగం తేలిపోతుంది! అది నాకు తెలుసు. తెలిసి కూడా, పెద్దవాళ్ళు చెప్పారు కదా అని వేశాను. కొండ మొదట్లోనే ముందు చక్రాలు గిరగిరా తిరిగాయి, కారు మటుకు కదల్లేదు. మంచుని కవ్వం పెట్టి చిలికినట్టు అరగంట చిలికాను. చివరికి కారు అక్కడే వదిలి, ఎవరిదో పిల్లల స్లెడ్ అడిగి, పనిముట్ల పెట్టె దాని మీద కట్టి లాక్కుంటూ నడిచాను. పైకి చేరేసరికి ఆ ఇంటావిడ పొరుగింటికి వెళ్ళిపోయింది, తలుపుకి తాళం. మూడోది. ఓర్విల్ గోడ మీద మూడో గీత గీశాడు. చీదనైనా చీదలేదు. అది ఇంకా భయం.

ఇంక ఒక్కటే మిగిలింది పెద్దమ్మా. కాబట్టి కోపం పక్కనపెట్టి, నీకు అర్థమయ్యేలా చెప్తాను.

పోయినేడు నీ ఆవిరి స్నానాల గదికి, ఆ సౌనాకి, కొత్త ఇనప పొయ్యి మోసుకొచ్చాం, గుర్తుందా? నలుగురం. మెట్టు మీద రేనో కాలు జారింది. పొయ్యి పడిందా? లేదు. మిగిలిన ముగ్గురం బరువు అందుకున్నాం. అదే ఇద్దరమే మోస్తుంటే, రేనో జారిన క్షణాన పొయ్యి నా కాలి మీద ఉండేది. నీ బుల్లి బండి చేసే పని అంతే. మామూలు రోడ్డు మీద ముందు చక్రాలే లాగుతాయి, వెనకవి ఊరికే షికారుకొస్తాయి. ముందు చక్రాలు మంచులో జారడం మొదలెట్టాయా, నువ్వు "అయ్యో" అనేలోపు బలాన్ని వెనక చక్రాలకి పంపిస్తుంది. నువ్వు మీట నొక్కక్కర్లేదు, దండం పెట్టక్కర్లేదు. నిలబడ్డ చోటు నుంచి కదలాలన్నా, కొండ ఎక్కాలన్నా, తోయని మంచులోంచి బయటపడాలన్నా ఇంతకంటే మంచి తోడు లేదు.

గొప్పలు చెప్పి మోసం చెయ్యను, దానికి రానిది కూడా చెప్తాను. ఆగడం. నాలుగు చక్రాల బలం బయల్దేరడానికీ ఎక్కడానికీ. ఆపడానికి కాదు. బ్రేకులు నా డొక్కు కారుకీ నాలుగు చక్రాలకీ ఉన్నాయి. ఆపేది టైరు నేలని పట్టుకునే పట్టు. నీ బండికి ఉన్నవి జూన్‌లో నువ్వు కొన్నప్పుడు దానితోపాటు వచ్చిన ఎండాకాలపు టైర్లు. ఈ చలికి అవి గట్టిపడి పళ్ళేల్లా జారతాయి. నాకిస్తే మొదటిరోజే చలికాలపు టైర్లు వేస్తాను. ప్రతి శనివారం బండి అడుగు కడుగుతాను. ఒక్క ఉప్పు రవ్వ మిగిలితే నాలికతో తీస్తాను.

ఇది అరుపు కాదు, అడగడం.

కైసా

టోయివోలా
డిసెంబరు 11

కైసా తల్లీ,

ఇసుక విషయంలో నాదే తప్పు. నీ కారు ముందు లాగే రకమని నాకు తట్టలేదు. ఈ కాలపు కార్లు వెనకా ముందూ తెలియకుండా చేస్తున్నారు.

బండి గురించి ఆలోచిస్తున్నాను. కానీ ఇప్పుడు ఇవ్వడం కుదరదు. దానితో నాకు కొంచెం పని పడింది. ఎక్కడికీ వెళ్ళను. మధ్యాహ్నం అందులో కూర్చుని భోంచేస్తున్నాను. నువ్వు ఎగిరిపడకు, పొగ ప్రమాదమని నాకు తెలుసు. గరాజ్ తలుపు బార్లా తీసి, బండి వెనక సగం బయటికి పెట్టే ఇంజను వేస్తాను. రేడియో బాగా వినిపిస్తుంది. పైగా ఆ సీటు కింద నుంచి వెచ్చబడుతుందే! అంత సుఖం మీ పెదనాన్న కూడా ఇవ్వలేదు. సాయంత్రం కూడా ఓ గంట కూర్చుంటాను. మాంసం, దుంపలు కూరిన పాస్టీ తింటూ అల్లుకుంటాను. మేజోళ్ళు ఆరు జతలయ్యాయి.

ట్రక్కు కూడా లేవడం లేదు, బ్యాటరీ చచ్చింది. సౌనా మాత్రం రోజూ వేస్తున్నాను. రోజూ వేస్తే మంచిదని ఎవరో అన్నారు.

ఊరికే, తెలుసుకోవడానికి ఒక మాట అడుగుతాను. ఇంటి హీటర్ మూడుసార్లు టక్కు టక్కు మని, మంట వచ్చినట్టే వచ్చి ఆరిపోతే ఏమిటి అర్థం? నాకు కాదు. రేనో అడగమన్నాడు. దాన్ని విప్పి మళ్ళీ బిగిస్తే ఒక మర మిగిలిపోవడం మామూలేనా? అది కూడా రేనోయే అడిగాడు.

చలి జాగ్రత్త. మెడకి ఏమన్నా కట్టుకో.

నీ పెద్దమ్మ

హాంకాక్
డిసెంబరు 16, రేనో చేతికిచ్చి పంపుతున్నది

అబద్ధాల పెద్దమ్మా!

రేనోని అడిగాను. "నా ఇంట్లో హీటరే లేదమ్మాయ్, కట్టెల పొయ్యి" అన్నాడు.

దానికంటే ముందే తెలిసిపోయింది. పొద్దున్న ఓర్విల్ నాకొక చీటీ ఇచ్చాడు. చదివాను. మళ్ళీ చదివాను. "టోయివోలా, కొండ మీది చివరి ఇల్లు, శ్రీమతి లెంపి హౌటలా. ఇంటి హీటర్ మూడు వారాలుగా పనిచేయడం లేదు. గురువారం పదింటికి." కింద ఓర్విల్ చేత్తో రాసింది: "ఆ అరిచే పిల్లని పంపొద్దని చెప్పింది. వేరే ఎవరూ లేరు."

మూడు వారాలు! సున్నాకి ఇరవై కింద! నీ సొంత చెల్లెలి కూతురు ఈ చుట్టుపక్కల హీటర్లన్నీ బాగుచేస్తుంటే, నువ్వు సొరుగులోంచి ఫోన్ లేపి పరాయివాణ్ణి పిలుస్తావా! పెరటిచెట్టు మందుకి పనికిరాదా? మంటని పసిగట్టే చిన్న కడ్డీకి మసి పట్టింది, అంతే! రుద్దితే పోతుంది! అక్టోబరులో తుడిచిపెడతానంటే "నాకు నేర్పకు" అన్నావు. పోనీ, అందుకే కదా సిగ్గుపడ్డావు?

ఇప్పుడు నా గతి చూడు. ఇది నాలుగోది. గురువారం పదింటికి నీ ఇంటికి చేరకపోతే నా ఉద్యోగం పోతుంది. నా కారు నీ కొండ ఎక్కదు. ఎక్కగలిగే బండి కొండ మీదే ఉంది, దాంట్లో నువ్వు పాస్టీ తింటున్నావు. రేనో బండిలో రెండో మనిషిని ఎక్కించుకోనివ్వరు, అడిగాను. అంటే ప్రపంచంలో ఎవరి హీటర్ బాగుచేయలేక నా పని పోతోందో తెలుసా? బండి ఇవ్వని మనిషిది.

నేను ఎక్కలేను. నువ్వు దిగు.

కైసా

టోయివోలా
డిసెంబరు 17, రేనో డీజిల్ చీటీ వెనక

కైసా,

రేనో బండి ఆపి గుమ్మంలో నిలబడ్డాడు, తొందరపెడుతున్నాడు. "రాయండి రాయండి, మంచు నాకోసం ఆగదు" అంటున్నాడు.

ఉప్పు ఒక్కటే కాదే కారణం. నేను ఈ బండిని మంచులో ఒక్కసారీ తోలలేదు. భయం. బస్సులో నలభైనాలుగు మంది వెనక కేకలేస్తుంటే చేతులు వాటంతట అవే తిరిగేవి. ఖాళీ బండిలో ఒక్కదాన్ని కూర్చుంటే, వెనక ఎవరూ లేరు, ఇంక ఎవరికోసం జాగ్రత్తగా తోలాలి అనిపిస్తుంది. నాలుగేళ్ళు బొంత కప్పింది బండికి కాదు.

రేపు ఎనిమిదింటికి బయల్దేరతాను. తొమ్మిదికి రాకపోతే కొండ కింద వెతకండి.

లెంపి

హాంకాక్
జనవరి 4

పెద్దమ్మా,

నువ్వు చర్చిలో కాఫీ దగ్గర చెబుతున్న కథ నాదాకా వచ్చింది. "బండి తనంతట తనే ఆగింది, నేను కళ్ళు మూసుకున్నా చాలు" అన్నావట. జనం నమ్మితే ఈ జిల్లాలో టపా పెట్టె ఒక్కటీ మిగలదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, ఇది దాచుకో.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా నువ్వు మా దుకాణం ముందుకొచ్చావు. బండి ముందు బంపరు మీద, రేనో ఇంటి ముందు రోడ్డు పక్కన పాతిన టపా పెట్టె, కొయ్యతో సహా, పెళ్ళికి పూలు కట్టినట్టు నిలబడి ఉంది. ఓర్విల్ బయటికొచ్చి దాన్ని చూశాడు, నిన్ను చూశాడు. "ఉత్తరాలేమన్నా ఉన్నాయా?" అన్నాడు. నువ్వు అద్దం దించి, "కొండ దిగి ఆగమంటే ఆగలేదు. రోడ్డు దాటి మంచు గట్టులోకి పోయింది. కానీ ఓర్విల్, వెనక్కి గేరు వేస్తే నాలుగు చక్రాలూ పట్టుకుని దానంతట అది బయటికొచ్చింది! ఎవరూ తోయలేదు!" అన్నావు. నేను ముందే రాశాను, ఆగడానికి ఆ మహిమ పనికిరాదని. చదివావు. నమ్మలేదు.

నేను ఎక్కి కూర్చున్నాను. మీ కొండ మొదట్లో నువ్వు ఆగి, ఊపిరి బిగబట్టావు. రేనో ఇంకా మంచు తోయలేదు, చక్రం సగం మునిగే మంచు. నువ్వు మెల్లిగా కాలు నొక్కావు. ముందు చక్రం ఒక్కసారి జారింది. నేను తలుపు పిడి పట్టుకున్నాను. వెనక నుంచి ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోసినట్టయింది, అంతే. బండి పైకి నడిచింది. ఆలోచించలేదు, వెనక్కి తిరగలేదు. నువ్వు సగం కొండలో పాట మొదలెట్టావు. పిల్లల బస్సు పాట, అరవై ఆవుల పాట. పైకి చేరేసరికి నలభైరెండో ఆవు దగ్గరున్నాం. తొమ్మిది యాభై. కడ్డీ రుద్దడానికి పావుగంట. నువ్వు మిగిల్చిన మర ఎక్కడిదో వెతకడానికి గంట. అది హీటర్‌ది కాదు, అల్మారా తలుపుది.

తిరిగొచ్చాక నువ్వు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, బండి అంచుకి అంటిన ఉప్పుని చేతిరుమాలుతో తుడవడం కూడా చూశాను. చూడనట్టు నటించాను.

ఆరోజు సాయంత్రం ఓర్విల్ చీదాడు. మంచి శకునం. "ఇరవైయేళ్ళ వ్యాపారంలో, చలికి వణికే మనిషే వచ్చి మెకానిక్‌ని ఎక్కించుకుపోవడం చూడలేదు. ఇది నాలుగోదని లెక్కపెట్టను. కానీ ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి నిన్ను తీసుకుపోరు కదా కైసా. జనవరి పన్నెండో తారీకు సోమవారం. ఆ పొద్దున్న కొండ ఎక్కే బండి ఒకటి నా కళ్ళకి చూపించు, లేకపోతే మా బావమరిది వస్తాడు" అన్నాడు.

నీ బండికి చలికాలపు టైర్లు వేయించాను కాబట్టి ఇంక టపా పెట్టెలు బతుకుతాయి. మళ్ళీ బండి అడుగుతాననుకోకు. అడగను. ఆ కొండ మీద నీ ముఖం చూశాక అది నీ దగ్గర ఉండాల్సిన బండే అనిపించింది. ఊళ్ళో పనులకి స్లెడ్ లాక్కుంటున్నాను. సోమవారం సంగతి సోమవారం.

కైసా

టోయివోలా
జనవరి 8

అడగనన్న పిల్లకి,

అడగనన్నావు కాబట్టి నేనే చెప్తున్నాను. బండి ఇవ్వను. ఏప్రిల్ దాకా కాదు, ఎప్పటికీ ఇవ్వను. క్రిస్మస్ నుంచీ ఒక్కరోజు కూడా అది ఇంట్లో లేదు. ఉత్తరాలు వేయడానికి, పాలకి, పాలు ఉన్నాయని తెలిసీ పాలకి. నిన్న రేనో మంచులో ఇరుక్కుంటే వెళ్ళి కాఫీ ఇచ్చి, "తోయమంటావా?" అని అడిగి వచ్చాను. వాడి ముఖం చూడాల్సింది. బండి పక్కలు ఉప్పుతో తెల్లగా, ముసలి గుర్రంలా అయ్యాయి. ఈ మాట రాయడానికి రెండు రోజులు పట్టింది.

పొద్దున్న మీ ఓర్విల్ దగ్గరికి వెళ్ళాను. నీకు చెప్పలేదు, నువ్వు పనిలో ఉన్నావు.

"కొండ ఎక్కే బండి చూపించమన్నావట. చూడు" అన్నాను. చుట్టూ తిరిగి చూశాడు. టైర్లు తన్ని చూశాడు. "బండి బాగానే ఉంది లెంపి గారూ. కైసాకి ఇచ్చేశారా?"

"ఇవ్వలేదు. నేను తోలుతాను, అది పని చేస్తుంది."

"మీరా? రోజూ? మీకు డెబ్భై దాటలేదూ?"

"ఓర్విల్, నువ్వు రెండో తరగతిలో నా బస్సులో మూడో వరసలో కక్కుకున్నావు. నీ పక్కన కూర్చున్న అమ్మాయి టోపీలో. నువ్వు చేశావని ఎవరికీ చెప్పలేదు, కుక్కపిల్ల ఎక్కిందన్నాను. ముప్పైయేళ్ళ పైచిలుకు ఆ కుక్కపిల్లని మోశాను. ఇవాళ నా వయసు అడుగుతున్నావా?"

వాడు చాలాసేపు ముక్కు చీదాడు. ఆ అమ్మాయే ఇప్పుడు వాడి పెళ్ళామట, నాకేం తెలుసు! తర్వాత ఏ ఇళ్ళకి వెళ్ళాలో సోమవారం జాబితా నా చేతిలో పెట్టాడు. ఏడు ఇళ్ళు. మొదటిది క్విన్సీ కొండ మీద.

కాబట్టి సోమవారం ఏడుంపావుకి నీ గుమ్మం ముందుంటాను. పిల్లలు బస్సు కోసం నిలబడాలి, బస్సు పిల్లల కోసం నిలబడదు. రెండు నిమిషాలు చూస్తాను, అంతే. పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చో. ముందు సీటు ఖాళీగా ఉన్నా సరే వెనకే కూర్చో. నేను అద్దంలో చూస్తే ఒక తల కనిపించాలి.

లెంపి